మాస్టారు పక్కన లేకపోయినా ఆట సాగాలి

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. గొలుసుకట్టు చెరువుల గురించి పాఠంగా చెబితే పిల్లల తలకెక్కడం లేదని రెండేళ్ల కిందట ఒక బోర్డు ఆట తయారుచేశాను. నలుగురు ఆటగాళ్లూ ఒకే చెరువు ఆయకట్టు రైతులు. ప్రతి పంటకాలం మొదట్లో పాచిక వేస్తే వాన ఎంత కురిసిందో తెలుస్తుంది. ఒకటి పడితే కరువు, ఆరు పడితే కట్టకు గండి. తూముకు దగ్గరగా కూర్చున్నవారితో మొదలుపెట్టి వరుసగా నీళ్లు తీసుకుని, వరో మెట్టపంటో వేసి, అమ్మిన డబ్బుతో పొలం కొంటారు. పన్నెండు పంటకాలాలు గడిచాక ఎక్కువ ఆస్తి ఉన్నవారు గెలిచినట్టు. బడిలో ఆడించిన ప్రతిసారీ పిల్లలు చాలా బాగుందన్నారు. ఈ సంక్రాంతికి అత్తవారింట్లో ఆడిస్తే మాత్రం రెండున్నర గంటలు పట్టింది, ఇద్దరు మధ్యలోనే లేచిపోయారు. నేను రాసిపెట్టుకున్న 14 ఆటల్లో మూడో పంటకు ముందున్నవారే 11 సార్లు గెలిచారు. వడ్డీ వ్యాపారి, చీడపీడలు, పెళ్లి ఖర్చులు, వేలంపాట కలిపితే రక్తి కడుతుందని మిత్రులు అంటున్నారు. నియమాలు ఇప్పటికే తొమ్మిది పేజీలు. 500 పెట్టెలకు తక్కువైతే వేయలేమని ప్రెస్సువారు చెప్పారు. అచ్చు వేయించమంటారా? ఏం మార్చమంటారు? బయటివారికి చూపిస్తే ఎవరైనా కాపీ చేస్తారేమోనన్న భయం కూడా ఉంది.
— ఒక ఉపాధ్యాయుడు, నల్లగొండ జిల్లా

సమాధానం: మాస్టారూ, నమస్కారం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచినది ఆ 14 ఆటల లెక్క. సొంతంగా ఆట తయారుచేసేవారిలో ఇంత ఓపికగా ఫలితాలు రాసిపెట్టుకునేవారు అరుదు, మీ ఆట బాగుపడుతుందని నేను నమ్మడానికి అదే కారణం. అచ్చు ఇప్పుడు వద్దు, కొత్త నియమాలూ వద్దు. వాటికంటే ముందు ఆటను పరీక్షించే పద్ధతిని మార్చుకోవాలి. ఇన్నాళ్లూ పరీక్షకు నిలిచింది ఆట ఒక్కటే కాదు, దాని పక్కన కూర్చున్న మీరు కూడా.

బడిలో ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. తమ మాస్టారు రాత్రుళ్లు కూర్చుని చేత్తో గీసిన బోర్డును చూసి, బాగాలేదని ఎనిమిదో తరగతి పిల్లవాడు ఎలా అనగలడు? పైగా ఆ గంట పాఠం తప్పిందన్న సంతోషమూ ఉంటుంది. పిల్లలు అబద్ధమాడారని కాదు, వాళ్లకు నిజంగానే బాగుండి ఉండవచ్చు. కానీ ఏ పిల్లవాడైనా ముక్క చేతిలో పట్టుకుని తటపటాయించగానే మీరు వంగి, "ఇప్పుడు నీళ్లు తీసుకోవాలి నాన్నా" అని చెప్పి ఉంటారు. అలా చెప్పిన ప్రతిసారీ ఆటలోని ఒక చిల్లు మీ మాటతో పూడిపోయింది, మీ కంటపడకుండా పోయింది. అత్తవారింట్లో మర్యాద చేశారు గానీ, అక్కడ మిమ్మల్ని చూసి భయపడేవారు లేరు. అందుకే లేచిపోగలిగారు. ఆ ఇద్దరికీ మీరు కృతజ్ఞతలు చెప్పుకోవాలి.

అష్టా చమ్మాకు నియమాల పుస్తకం లేదు. అమ్మమ్మ పక్కన కూర్చుని నేర్చుకుంటాం. ఎదుటివారి కాయను ఒక్కదాన్నైనా చంపకుండా లోపలి గళ్లలోకి వెళ్లకూడదని కొన్ని ఇళ్లలో అంటారు, కొన్ని ఇళ్లలో ఆ పట్టింపు ఉండదు. గవ్వలు చేతికి తీసుకునే ముందే ఆ సంగతి తేల్చుకుంటారు. పెట్టెలో వెళ్లే ఆటకు అమ్మమ్మ తోడు వెళ్లదు. మీ తొమ్మిది పేజీలే ఆ పని చేయాలి. కాబట్టి తరవాతి పరీక్ష ఇలా జరగాలి. ఇంతవరకూ ఈ ఆట చూడని నలుగురికి, వీలైతే మరో బడి పిల్లలకో, హాస్టలులో ఉండేవారికో, పెట్టెనూ నియమాల కాగితాలనూ ఇచ్చి, మీరు రెండు గజాల దూరంలో నోటు పుస్తకంతో కూర్చోండి. వాళ్లు అడిగితే "కాగితంలో ఏముందో చూడండి" అనడం తప్ప ఇంకేమీ చెప్పకండి. కాగితంలో జవాబు దొరక్కపోతే వాళ్లలో వాళ్లే ఏదో ఒకటి అనుకుని ముందుకు సాగుతారు. ఏమనుకున్నారో మాటమాటా రాసుకోండి, ఎందుకంటే చాలాసార్లు అది మీరు రాసిన నియమం కంటే సులువుగా ఉంటుంది. తప్పు ఆడుతుంటే సరిదిద్దాలని నోటిదాకా వస్తుంది. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి ఇది మరీ కష్టమని నాకు తెలుసు, అయినా ఆపుకోవాలి. మొదటి రెండు మూడుసార్లు ఆట సగంలో ఆగిపోయినా ఫర్వాలేదు. ఎక్కడ ఆగిందో తెలియడమే ఆ రోజు ఫలితం.

తొండి ఎక్కడ జరుగుతోందో ప్రత్యేకంగా గమనించండి. పిల్లలు ఏ ఆటలోనైనా తొండి చేస్తారు, కానీ వేర్వేరు పిల్లలు ఒకే చోట తొండి చేస్తున్నారంటే అక్కడ నియమం అస్పష్టంగానైనా ఉండాలి, శిక్ష మరీ కఠినంగానైనా ఉండాలి. మీ ఆటలో అది గండి పడినప్పుడు జరుగుతుందని నా అనుమానం. ఆరు పడగానే పాచిక బల్ల మీంచి జారిందనో, సరిగా దొర్లలేదనో అంటారు. అలా అంటే ఆ పిల్లలను కోప్పడకండి. ఒక్క పాచికతో పంటంతా పోవడం వాళ్లకు అన్యాయంగా అనిపిస్తోందన్నమాట.

నోటు పుస్తకంలో గెలిచిన పేరు ఒక్కటే కాక, నియమాలు చదవడానికి పట్టిన సమయం, మొదలైన వేళ, ముగిసిన వేళ, ఎవరు ఏ స్థానంలో కూర్చున్నారు, సగం ఆటకు ఎవరి దగ్గర ఎంత ఉంది, కాగితం తిరిగి తెరిచింది ఎప్పుడు, ఎవరు ఫోను చేతిలోకి తీసుకున్నారు, ఎప్పుడు నవ్వులు వినిపించాయి అన్నవి కూడా ఉండాలి. ఆట అయ్యాక "బాగుందా?" అని అడగవద్దు, ఆ ప్రశ్నకు ఒక్కటే జవాబు వస్తుంది. "ఏం చేయాలో తోచనిది ఎప్పుడు?", "నీ వంతు కానప్పుడు ఏం చూస్తూ ఉన్నావు?", "గెలవలేనని నీకు ఏ పంటకాలంలో అనిపించింది?" అని అడగండి. చివరి ప్రశ్న మీ ఆటకు ముఖ్యం. ఇంకొక మంచి ఉపాయముంది: ఆడినవారిలో ఒకరిని కూర్చోబెట్టి, కొత్తగా వచ్చినవారికి ఆట నేర్పమనండి. వాళ్లు ఏ నియమం చెప్పడం మరిచిపోతారో ఆ నియమాన్ని తీసేయవచ్చునేమో ఆలోచించండి. ఇక ఆడినవారు ఇచ్చే సలహాల విషయంలో రోగి దగ్గర వైద్యుడు ఉన్నట్టు ఉండాలి. ఎక్కడ నొప్పి ఉందని చెబితే పూర్తిగా నమ్మాలి, ఏ మందు వేయాలో మాత్రం మీరే నిర్ణయించుకోవాలి. వేలంపాట పెట్టమన్న మీ మిత్రుడు నిజానికి చెబుతున్నది, తన వంతు వచ్చేదాకా చేయడానికి ఏమీ లేదని.

ఆ మాట దగ్గరే మీ రెండున్నర గంటల సంగతి తేలుతుంది. పన్నెండు పంటకాలాలు, నలుగురు ఆటగాళ్లు, అంటే 48 వంతులు. 150 నిమిషాలను 48తో భాగిస్తే వంతుకు మూడు నిమిషాలు చిల్లర. మూడు నిమిషాలు ఆలోచించడం తప్పు కాదు, కానీ ఒకరి వంతు అయ్యాక మళ్లీ వంతు వచ్చేదాకా తొమ్మిది నిమిషాలు ఖాళీగా కూర్చోవాలి. లేచిపోయినవారు విసిగింది ఆ తొమ్మిది నిమిషాలకే. నలుగురూ ఏ పంట వేయాలనుకుంటున్నారో ఒక ముక్కను బోర్లించి ఒకేసారి ఎంచుకుని, ఒకేసారి తిప్పితే ఆలోచన అందరికీ ఏకకాలంలో జరుగుతుంది. వంతుల వారీగా మిగిలేది నీళ్లు తీసుకోవడం ఒక్కటే, అది ఒక్కొక్కరికి నిమిషంలో అయిపోతుంది. ఉమ్మడిగా రెండు నిమిషాలు, వంతులకు నాలుగు నిమిషాలు, కలిపి పంటకాలానికి ఆరు. పంటకాలాలను పన్నెండు నుంచి ఏడుకు తగ్గిస్తే 42 నిమిషాలు. బడిలో 45 నిమిషాల పీరియడులో ఆట పూర్తవుతుంది, నియమాలు ముందురోజు చెప్పుకోవచ్చు. మీరు బడి కోసం చేసిన ఆట బడి గంటలోపు ముగియాలన్న హద్దు పెట్టుకోవడం న్యాయమే కదా.

వాన విషయంలో పాచికను నమ్మి మోసపోయారు. పాచికకు జ్ఞాపకం ఉండదు. పన్నెండుసార్లు వేస్తే కరువు సగటున రెండుసార్లు రావాలని మీరు లెక్క వేసుకుని ఉంటారు, సగటు సరైనదే. కానీ అదే లెక్కన తొమ్మిది ఆటల్లో ఒకదానిలో కరువు అసలే రాదు, దాదాపు మూడు ఆటల్లో ఒకదానిలో మూడో అంతకన్నా ఎక్కువో కరువులు వస్తాయి. ఒకరోజు ఆట చప్పగా ఉండి, మరోరోజు అందరూ దివాలా తీసి ఏడుపుముఖాలు పెట్టుకోవడానికి కారణం ఇదే. పాచిక బదులు వాన ముక్కలు చేయండి. ఏడు పంటకాలాల ఆటకు తొమ్మిది ముక్కలు, వాటిలో రెండు కరువు. కలిపి, రెండు ముక్కలు చూడకుండా పక్కన పెట్టి, మిగిలిన ఏడింటితో ఆడాలి. అప్పుడు కరువు అసలే రాని అవకాశం 36లో ఒక వంతు, ఒక్కసారే వచ్చేది 14 వంతులు, రెండూ వచ్చేది 21 వంతులు; మూడోసారి రావడమన్నదే ఉండదు. మీ లెక్కల టీచరుగారితో సరిచూసుకోండి. ఇందులో ఇంకో అందం ఉంది: రెండు కరువులూ అయిపోయాయని తెలిసిన పిల్లవాడు ధైర్యంగా వరి వేస్తాడు, ఒక్కటీ రాలేదంటే కందులవైపు మొగ్గుతాడు. ఆలోచించడానికి అక్కడ ఏదో ఒకటి దొరుకుతుంది. పాచికతో ఆ ఆలోచనకు చోటే లేదు.

ఇక ముందున్నవారే గెలవడం. నలుగురి ఆటలో మూడో పంట నాటి స్థితికి గెలుపుతో ఏ సంబంధమూ లేకపోతే 14లో మూడు నాలుగుసార్లు అలా జరగాలి. ముందున్నవారికి కాస్త మొగ్గు ఉండడం సహజం, ఉండాలి కూడా, లేకపోతే మొదటి పంటలు ఎందుకు ఆడినట్టు? అయితే 14కు 11 చాలా ఎక్కువ. దీనికి రెండు కారణాలు ఉండవచ్చు, మీ లెక్కలో రెండూ కలిసిపోయాయి. డబ్బుతో పొలం, పొలంతో మరింత డబ్బు అన్న చక్రం ఒకటి. తూము దగ్గర కూర్చున్నవారికి ఎప్పుడూ ముందుగా నీళ్లు అందడం రెండోది. గెలిచిన 11 మందిలో తూము దగ్గర కూర్చున్నవారు ఎందరో మీరు రాయలేదు. మిగతా ఏదీ మార్చకుండా నీళ్ల వరుస ఒక్కటే పంటపంటకూ తిప్పుతూ ఐదారు ఆటలు ఆడించండి. ముందున్నవారి గెలుపు బాగా తగ్గితే దోషం వరుసది, తగ్గకపోతే పొలానిది. రెండూ ఒకేసారి మార్చితే ఆట బాగుపడవచ్చు, కానీ ఎందుకు బాగుపడిందో మీకు తెలియదు, మళ్లీ చెడినప్పుడు ఏం చేయాలో తోచదు. ప్రతి మార్పుకూ ఒక సంఖ్య, తేదీ వేసి పాత కాగితాన్ని దాచండి.

పొలం చక్రం గురించి మీరు సాంఘిక శాస్త్రం చెప్పేవారు కాబట్టి ఒక సంగతి ప్రస్తావిస్తాను. మన ఇళ్లలో బిజినెస్ ఆటగా ఆడేదానికి మూలం అమెరికాలో ఎలిజబెత్ మేగీ అనే ఆమె తయారుచేసి 1904లో పేటెంటు పొందిన భూస్వామి ఆట. భూమి ఉన్నవాడు అద్దెల మీద అద్దెలు పొంది ఎలా బలిసిపోతాడో, మిగతావారు ఎలా చితికిపోతారో చూపడమే ఆమె ఉద్దేశం. అంటే ముందున్నవాడు ఇంకా ముందుకు పోవడం ఆ ఆటలో లోపం కాదు, పాఠం. మీ ఆట చెప్పదలచుకున్నదీ అదేనా? ఉత్తరాన్ని బట్టి చూస్తే ఉన్న నీటిని ఊరు ఎలా పంచుకుంటుందన్నది మీ పాఠంగా కనిపిస్తోంది. అలాగైతే విరుగుడు మీ చెరువులోనే ఉంది. కాలువ చివరి పొలాలకు నీళ్లు అందాలని మన దగ్గర వారబందీ, అంటే వంతులవారీగా నీళ్లు వదిలే పద్ధతి, పెడతారు. ఆటలోనూ ఎక్కువ పొలం ఉన్నవారు ఆ పంటకు చివర నీళ్లు తీసుకోవాలన్న నియమం పెట్టవచ్చు. 2004లో వచ్చిన పవర్ గ్రిడ్ అనే ఆటలో ఇలాంటి ఏర్పాటే ఉంది. అందులో ఎక్కువ నగరాలకు విస్తరించినవారు ఇంధనం చివరగా కొనాలి, అప్పటికి ధర పెరిగి ఉంటుంది. గండి బదులు అలుగును వాడుకోవడం మరో దారి. గొలుసుకట్టులో ఎగువ చెరువు నిండాక అలుగు పారి దిగువ చెరువుకు నీళ్లు చేరతాయి కదా. ఆటలో కూడా వరద వచ్చినప్పుడు మిగులు నీరు వెనకబడినవారి పొలానికి చేరేట్టు చేస్తే, పిల్లలకు అలుగు అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఏ విరుగుడైనా మోతాదు తెలియనప్పుడు కొద్దికొద్దిగా కాకుండా ఒకేసారి రెట్టింపు చేసో, సగానికి తగ్గించో చూడండి. రెండు రూపాయల తేడా ఐదు ఆటల్లో కనబడదు, సగానికి సగం తేడా మొదటి ఆటలోనే కనబడుతుంది.

వడ్డీ వ్యాపారి, చీడపీడలు, పెళ్లి ఖర్చులు రైతు జీవితంలో నిజమే. కానీ వాటిలో ఏ ఒక్కటీ నీళ్లు పంచుకోవడానికి సంబంధించినది కాదు, మీ ఆట దాని గురించే. ఇప్పుడున్న నియమాలను కూడా ఒక్కొక్కటే తీసేసి ఒక ఆట ఆడించండి. అది ఏమైందని ఎవరూ అడగకపోతే తిరిగి పెట్టకండి. తొమ్మిది పేజీలు మూడు కావాలి. తీసేసినవి వృథా కావు. జర్మనీలో క్లాస్ టాయ్‌బర్ పళ్ల సెట్లు తయారుచేసే వృత్తిలో ఉంటూ, ఇంట్లో భార్యాబిడ్డలతో ఏళ్ల తరబడి ఆడించి చూసిన ఆట కటాన్ పేరుతో 1995లో వచ్చింది. ఆయన మొదట తలపెట్టినది దానికంటే చాలా పెద్దది, అందులోంచి వేరుచేసిన ఆలోచనలు తరవాత వేరే ఆటలయ్యాయి. మీ వడ్డీ వ్యాపారికి కూడా తన సొంత ఆట ఎప్పుడైనా రావచ్చు.

నమూనా గురించి కొంచెం. అందమైన బోర్డు చేసుకోకండి. మామూలు అట్ట, పెన్సిలు, పాత పేకముక్కల మీద అంటించిన తెల్లకాగితాలు, కాయలకు చింతగింజలు, గవ్వలు చాలు. రంగులద్దిన బోర్డు మీద గీత చెరపడానికి మీకే చేతులు రావు, చూసినవారు తప్పు చెప్పడానికీ వెనకాడతారు. నేను ఒకప్పుడు పేకముక్కల ఆట ఒకటి తొందరపడి 300 కట్టలు అచ్చు వేయించాను. పగటి వెలుతురులో చక్కగా కనిపించిన ఎరుపు, గోధుమ రంగులు రాత్రి ట్యూబులైటు కింద ఒకటిగా కనిపించాయి. నేను ఒక్క ఆట కూడా రాత్రిపూట ఆడించలేదు. ఆ కట్టల్లో చాలా భాగం ఇప్పటికీ అటక మీద ఉన్నాయి, పండగకు అటక దులిపినప్పుడల్లా బాధ కలుగుతుంది. మీ వరికి ఆకుపచ్చ, మెట్టపంటకు ఎరుపు వాడుతుంటే, ఆ రెండు రంగుల తేడా తెలియని పిల్లలు మీ బడిలోనే ఉండవచ్చు. రంగుతో పాటు ఒకదానిపై వెన్ను, మరొకదానిపై కంకి వంటి బొమ్మ కూడా ఉంచండి.

కాపీ భయం వదిలేయండి. మన పేటెంట్ల చట్టం (1970) సెక్షన్ 3(ఎం) ప్రకారం ఆట ఆడే పద్ధతికి పేటెంటు రాదు. మీరు రాసిన నియమాల పాఠానికీ, గీసిన బొమ్మలకూ కాపీరైటు ఉంటుంది, చెరువు నీళ్లు పంచుకోవడమన్న ఆలోచనకు ఉండదు. కాబట్టి దాచినందువల్ల మీకు వచ్చే రక్షణ ఏమీ లేదు, పోయేది మాత్రం పది పదిహేను పరీక్షల లాభం. ఈ వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టండి. ముందు మీరొక్కరే నాలుగు స్థానాల్లోనూ కూర్చుని ఒక ఆట ఆడుకోండి, తరవాత ఇంట్లోవారితో, ఆపైన బడులు తెరిచాక మిమ్మల్ని ఎరుగని పిల్లలతో. మీరు నోరు విప్పకుండా వరసగా మూడు బృందాలు కాగితం చదువుకుని, తొండి లేకుండా, గంటలోపు ఆట ముగించి, ఇంకొకసారి ఆడతామని తమంతట తాము అడిగినప్పుడు అచ్చు గురించి మళ్లీ రాయండి. అప్పుడు కూడా 500 కాదు, మీ మండలంలోని బడులకు సరిపడా పాతికో ముప్పయ్యో జిరాక్సు అట్టలతో మొదలుపెడదాం. అప్పటిదాకా ప్రెస్సువారికి బయానా ఇవ్వకండి.